లైట్లు ఆర్పే మలుపు

కొడిమ్యాల అడవిలో ఆ మలుపుకు మొదట్లో ఏ చెడ్డపేరూ లేదు. స్పీడు కెమెరా పెట్టిన ఏడాదే దెయ్యం కూడా వచ్చి చేరింది. సర్కారు ఒకటి పెడితే యముడు ఇంకొకటి పెట్టాడని కోరుట్ల కార్ల అడ్డా మీద డ్రైవర్లు నవ్వుకునేవారు.

ఆ నవ్వులు పగటిపూటే. పొద్దుగూకాక ఆ మాటెత్తితే ఒక్కడూ నవ్వడు. తెల్లచీర కట్టిన ఆడమనిషి రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తుతుందట. ఆగినవాడు రక్తం కక్కుకుని చస్తాడట. ఆగకుండా పోతే కారుకు ధడేల్‌మని ఏదో తగులుతుందట... దిగకూడదు, అద్దంలో కూడా వెనక్కి చూడకూడదు. ఒకసారి గొర్ల కాపరి, ఇంకోసారి ఇటుకబట్టీ కూలీ తెల్లారేసరికి పక్క గుంతలో శవాలై దొరికారు. దెయ్యం పొట్టన పెట్టుకుందని ఊళ్లన్నీ అనుకున్నాయి.

కెమెరాకు మాత్రం డ్రైవర్ల దగ్గర మందు ఉండేది. మలుపుకు ముందే లైట్లన్నీ ఆర్పేసి, చీకట్లోనే తొక్కుకుంటూ దాటెయ్యడం. వెలుగు లేకపోతే నంబరు పడదు, చలాన్ రాదు. ఆ తెలివికి మెచ్చి మేకతోలు కప్పాలి.

బాలకిషన్‌ది సొంత కారు కాదు. ఇంకొక్క చలాన్ వస్తే తాళంచెవి ఇచ్చి ఇంటికి పొమ్మని ఓనరు తెగేసి చెప్పాడు. ఒకసారి దుబాయ్ పోయి ఒట్టి చేతులతో తిరిగొచ్చినవాడు బాలకిషన్. ఈ కారూ పోతే మళ్లీ ఆ ఎడారే గతి.

ఆ రాత్రి కారులో హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయే ప్రయాణికుడు ఒక్కడే ఉన్నాడు... రంజిత్ అని, కల్లుగీత ఇంటి పిల్లవాడు. మొదటిసారి మస్కట్ పోతున్నాడు. ఏజెంటు కాగితాల పేరుతో కోరుట్లలోనే కూర్చోబెట్టి, చీకటి పడ్డాక పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు. ఇంటికి పోయి అమ్మ మొహం చూసి వచ్చే వ్యవధి కూడా మిగల్లేదు. జగిత్యాల దాటేదాకా ఫోన్లో గుసగుసలాడి, తర్వాత సీటుకు తల వాల్చాడు.

మలుపు దగ్గర పడింది.

"తమ్మీ, లైట్లు బంద్ చేస్తున్న. పరేషాన్ గాకు."

"ఎందుకన్నా?"

"కెమెరా ఉన్నది. ఇంకోటి గూడ ఉన్నది... గదేందని అడగకు."

లైట్లు ఆరాయి. అడవి ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. బాలకిషన్ లోలోపల కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాడు. కాలు మాత్రం యాక్సిలరేటర్ మీద నుంచి తియ్యలేదు.

అప్పుడు కనిపించింది... రోడ్డు మీద, తెల్లగా. చెయ్యి పైకి లేచి ఉంది.

ఆగితే చావే... ఇంకా గట్టిగా తొక్కాడు.

ధడేల్ —

కారు అటూ ఇటూ ఊగి నిలదొక్కుకుంది.

"ఏందన్నా గది? ఏదో తగిలింది..."

"ఎనకకు సూడకు. సూస్తే ఇద్దరం పోతం."

రంజిత్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. హైదరాబాద్ దాకా కారు ఎక్కడా ఆగలేదు. ఎయిర్‌పోర్టు ముందు దిగి, "పానం కాపాడినవ్ అన్నా" అంటూ బాలకిషన్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

బతికి బయటపడ్డ సంబరంలో బాలకిషన్ చాయ్ తాగుతూ, డ్రైవర్లకుండే అలవాటు కొద్దీ ఫోన్లో చలాన్ల సైటు తెరిచి కారు నంబరు కొట్టి చూశాడు.

చలాన్ పడింది.

వారం కిందటే పాత కెమెరా తీసేశారని, కొత్తది చీకట్లో కూడా చూస్తుందని అడ్డా మీద ఎవడికీ తెలియదు. ఫోటో తెరిచాడు. కారు, నంబరు, అద్దం వెనక తన మొహం... కారుకు మూరెడు దూరంలో ఒక ఆడమనిషి. కట్టింది తెల్లచీర కాదు, ఉతికి ఉతికి వెలిసిపోయిన పాతచీర. కాళ్లకు రబ్బరు చెప్పులు. బస్సును ఆపేవాళ్లలా ఒక చెయ్యెత్తింది. రెండో చేతిలో స్టీలు టిఫిను.

దెయ్యాలు టిఫిను కట్టుకుని రావు.

గొర్ల కాపరి గుర్తొచ్చాడు. ఇటుకబట్టీ కూలీ గుర్తొచ్చాడు. నాకూ తగిలిందంటూ అడ్డా మీద గొప్పలు పోయిన ఒక్కొక్క డ్రైవరూ గుర్తొచ్చాడు. బాలకిషన్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

ఫోను మోగింది. రంజిత్.

"అన్నా, లోపటికొచ్చిన. వాపస్ పోయేటప్పుడు మా అమ్మకు జెర చెప్పి పోతవా, మంచిగ ఎక్కిండని? గా కెమెరా మలుపు పక్కదే మా ఊరు. బాలలక్ష్మి అంటే ఎవరైనా ఇల్లు చూపెడ్తరు. సర్వపిండి చేసిన, రోడ్డు మీద నిలబడ్త, ఒక్క నిమిషం కారు ఆపు కొడుకా అన్నది. టైం లేదు, రావద్దన్న. అలిగినట్టుంది... ఫోన్ ఎత్తుతలేదు."

బాలకిషన్‌కు ఫోటోలోని స్టీలు టిఫిను కళ్లముందు నిలిచింది.

"రాకపోవుడే మంచిగైంది లే అన్నా," అన్నాడు రంజిత్ మెల్లగా. "వస్తే... గా దయ్యం కండ్ల పడేది."

ఆమె ఆ గుంతలో ఇంకా ఊపిరితో ఉందేమో. చెబితే పిల్లవాడు ఉన్నపళంగా తిరిగొస్తాడు. చెప్పకపోతే విమానం ఎక్కుతాడు, రెండేళ్ల దాకా ఈ వైపు రాడు.

"అవు తమ్మీ," అన్నాడు బాలకిషన్. "మంచిగైంది. నువ్వు ఇమానం ఎక్కు."