పైపులో కుక్కిన టవల్

పొద్దున్నే కూతురు పనికి బయలుదేరగానే తల్లి గ్యాస్ కట్టేసి ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది. పిల్ల బస్సెక్కేదాకా కిటికీ దగ్గర నిలబడింది. ఆ తర్వాత మోకాళ్ళు పట్టుకుని సెల్లార్‌లోకి దిగింది.

పాత సామాను పడుండే ఆ సెల్లార్‌లో ఇప్పుడు అరవై గడ్డి సంచులు తాళ్ళకు వేలాడుతున్నాయి. వాటి కన్నాల్లోంచి పుట్టగొడుగులు రావాలి. రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తూనే కూతురు ఒంటిచేత్తో ఇదంతా అమర్చుకుంది. ఒక గోడకు చెడుగాలి లాగేసే ఫ్యాన్ బిగించింది, ఎదురు గోడకు మంచిగాలి వచ్చే పైపు పెట్టింది. శుక్రవారం ఒక హోటల్ వంటమాస్టర్ వచ్చి పంట చూస్తాడు. ఆయనకు నచ్చితే ల్యాబ్ మానేసి ఇదే పనిలో ఉండాలని ఆమె ఆశ.

తల్లికి ఆశకంటే ముందు భయం వస్తుంది. ఆ చెమ్మకు గోడ కూలుతుందేమో, ఫ్యాన్ అంటుకుంటుందేమో, పిల్ల ఉన్న ఉద్యోగం పోగొట్టుకుని నలుగురిలో నవ్వులపాలవుతుందేమో. బస్సు డ్రైవరుగా రిటైరైన భర్త, "నువ్వు నా బస్సెక్కి ఉంటే బ్రేకు మీద నీ కాలే ఉండేది" అని ఏడిపిస్తుంటాడు.

కూతురు ఆమెకు ఒక్క పనే అప్పగించింది. మీటరులో తేమ ఎనభై అయిదుకు దిగితే నీళ్ళు చిలకరించాలి. ఫ్యాన్ జోలికి మాత్రం పోకూడదు. కానీ ఫ్యాన్ తిరిగినంతసేపూ తేమ పడిపోయేది. చిలకరిస్తే ఎక్కేది, మళ్ళీ దిగేది. మూడోరోజుకి తల్లి మనసాగలేదు. ఫ్యాన్ ఆపి, పైపులో టవల్ కుక్కింది. తేమ తొంభై అయిదు దగ్గర మేకు కొట్టినట్టు నిలిచింది. కూతురు వచ్చే వేళకి టవల్ తీసి, ఫ్యాన్ వేసేసేది. అలా తొమ్మిది రోజులు.

గురువారం సెలవు పెట్టిన కూతురు పొద్దున్నే కిందికెళ్ళి ఒక గుత్తి కోసుకొచ్చింది. కాడలు వేలెడు పొడుగు, గొడుగులేమో చొక్కా బొత్తాలంత. విత్తనం మంచిదే, గడ్డి సరిగ్గానే ఉడికించాను, ఎక్కడ తప్పిందో తెలియట్లేదని వంటింటి గడపలో కూలబడింది.

"నాకు చేతకాదు నాన్నా. ఆయన్ని రావద్దని చెప్పేసి సంచులు దించేస్తా."

తండ్రికి ఎగతాళి నోటికి రాలేదు. తల్లి స్టవ్ వైపు తిరిగి నిలబడింది. ఇప్పుడు తను నోరు మెదపకపోతే చాలు. పిల్ల బుద్ధిగా ల్యాబ్‌కి పోతుంది, తన భయాలన్నీ తీరిపోతాయి. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకే సిగ్గేసి, ఇటు తిరిగింది.

"దించకే. తప్పు నీది కాదు. పైపులో నేనే టవల్ కుక్కాను. ఫ్యాన్ కూడా ఆపాను."

"ఫ్యాన్ ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు. తేమ పడిపోతుంటే చూడలేకపోయాను."

"అవీ ఊపిరి పీలుస్తాయమ్మా. వదిలిన గాలి బయటికి పోకపోతే, మంచిగాలి కోసం మెడ సాచి సాచి ఇలా అయిపోతాయి. నాలుగు నెలల కష్టం. నీకు భయమేస్తే నన్నడగాలి గానీ, చాటుగా నా పని చెడగొడతావా?"

కూతురు కళ్ళు తుడుచుకుని కిందికెళ్ళింది. ఆమె వెనకే తల్లీ దిగింది. కూతురు పాడైన గుత్తులన్నీ కోసేసింది. గోనెసంచి తడిపి పైపు మూతికి కట్టింది. వచ్చే గాలి ఆ తడిలోంచి వస్తుంది కాబట్టి ఫ్యాన్ తిరుగుతున్నా తేమ నిలుస్తుంది. నేల తడిపింది, గోడకు అరచెయ్యి ఆనించి చూసింది, ఫ్యాన్ వేగం కాస్త తగ్గించింది. తొమ్మిదో తరగతి దాటని తల్లి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. గోడ కూలుతుందని ఇన్నాళ్ళూ తను వణికింది, ఆ గోడ నాడి పట్టుకుని చూసే పిల్లను ఒక్కరోజూ సరిగ్గా చూడలేదు.

శుక్రవారం వంటమాస్టర్ వచ్చాడు. కూతురు ఏదీ దాచకుండా పాడైన గుత్తుల బుట్ట ఆయన ముందు పెట్టింది. గాలి ఆడక ఇలా అయ్యాయని, రెండో కోతకు పది రోజులు పడుతుందని చెప్పింది. గాలి ఎందుకు ఆడలేదని ఆయన అడిగాడు.

"అమ్మకు పని సగమే నేర్పానండి. తప్పు నాదే."

ఆయన ఒక కాడ విరిచి వాసన చూశాడు. చెడిన సరుకు తమంతట తాము చూపించినవాళ్ళని ఇంతవరకూ చూడలేదని, పది రోజుల తర్వాత తప్పకుండా వస్తానని చెప్పి వెళ్ళాడు.

అంతా విన్న తల్లి సెల్లార్ మెట్టు మీద కూర్చుని కొంగుతో మొహం కప్పుకుంది. కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"ఆయన వస్తానన్నాడుగా. ఇంకా ఏడుపెందుకు?"

"ఏడవట్లేదు. ఆ మిగతా సగం కూడా నేర్పవే" అంది తల్లి.