కోర్బిన్ దాచుకున్న ఖాతా

నవంబరు వస్తే చాలు, ఆ అట్టపెట్టెల ఫ్యాక్టరీకి టై కట్టుకున్నవాడెవడో ఒకడు దిగుతాడు. వచ్చే ఏడాది వైద్యానికి ఏ ఇన్సూరెన్స్ కావాలో శుక్రవారంలోగా తేల్చుకుని సంతకం పెట్టమంటాడు. ఈసారి దిగినవాడు కోర్బిన్. చేతిలో రంగుల కాగితాలు, వాటి మీద సైకిలు తొక్కుతూ నవ్వే ముసలి దంపతులు. ఆ వయసులో ఈ ఊరి మంచులో సైకిలెవరు తొక్కుతారో అతనికే తెలియాలి.

భోజనాల గదిలో నిలబడి అతను తన ఇన్సూరెన్సుతో పాటు వచ్చే ఆరోగ్య ఖాతా గొప్పలు ఏకరువు పెట్టాడు. అందులో వేసిన డబ్బుకు టాక్స్ ఉండదట. పెరిగినదానికీ ఉండదట. మందులకు తీసుకున్నా ఉండదట. మిగిలింది మురిగిపోదట, ఉద్యోగం మారినా మనదేనట.

లారీల గేటు దగ్గర పనిచేసే మార్లిస్ సాండ్‌విచ్ నములుతూ అంతా విని, "మరి ఇన్సూరెన్స్ వాళ్ళు ఎప్పట్నించి ఇస్తారు?" అని అడిగింది.

ఏటా వైద్యానికయ్యే మొదటి మూడు వేల డాలర్లు ఎవరివి వాళ్ళే పెట్టుకోవాలని కోర్బిన్ గొణిగాడు.

"ఆ ముక్క దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గిందేం సారూ? జలుబా?"

గదంతా నవ్వింది. మార్లిస్ మాత్రం నవ్వలేదు. ఆమెకు ఉబ్బసం. ఇన్‌హేలర్ లేకుండా నెల గడవదు. తప్పు కాగితం మీద సంతకం పెడితే జనవరి నుంచి ఊపిరి పీల్చినందుకు పూర్తి ధర కట్టాలి. పోనీ మందులకని జీతంలోంచి కోసి పెట్టే పాత పద్ధతి ఖాతా తీసుకుందామా అంటే, అందులో మిగిలింది డిసెంబరు ఆఖరుకల్లా ఖర్చు పెట్టకపోతే కంపెనీ మింగేస్తుంది. కిందటేడు ఆ భయంతోనే, మంచు కురుస్తుంటే పరుగెత్తి, మిగిలిన ఖాతా డబ్బుతో నాలుగు సీసాల ఎండ క్రీము కొనుక్కొచ్చింది. ఆ తెలివితేటలు తలుచుకుంటే ఆమెకు తన మీదే అసహ్యం వేస్తుంది.

కోర్బిన్ చన్నీళ్ళు ఒక గుక్క తాగి చెంప పట్టుకున్నాడు. మార్లిస్ చూసింది.

బుధవారం అతను ఏదో కాగితం వంకతో గేటు దగ్గరికొచ్చాడు. గురువారం ఏ వంకా లేకుండానే వచ్చాడు. ఆమె తిడుతుంటే వినడానికి అతనికి బాగానే ఉన్నట్టుంది. ఆ చెంప సంగతేమిటని ఆమె నిలదీసింది. మార్చిలో దవడ పన్ను విరిగిందని అతను ఒప్పుకున్నాడు.

"మార్చిలోనా? మీ ఖాతాలో డబ్బు లేదా?"

"బోలెడుంది. తియ్యట్లేదు. రిటైరయ్యేదాకా పెరగనిద్దామని."

మార్లిస్ అతన్ని నెత్తి నుంచి బూటు దాకా చూసింది. "బాగుంది. అరవై ఐదేళ్ళకి డబ్బుంటుంది, నమలడానికి పళ్ళుండవు. అన్నీ ఇలాగే దాచుకుంటారా మీరు? చెప్పాలనుకున్న మాటలు కూడానా?"

కోర్బిన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె లారీల వైపు తిరిగింది. ఇలాంటివాడి కోసం రెండు రోజులుగా జుట్టు సరిచేసుకున్నందుకు తన్ను తానే తిట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం అతను వాచిన చెంపతో వచ్చాడు. పొద్దున్నే డాక్టరు దగ్గర పన్ను బాగు చేయించుకున్నానని, ఖాతాలోంచే కట్టానని చెప్పాడు.

"మార్లిస్ గారూ, నా ప్లాన్ మీకు పనికిరాదు. ఏ జబ్బూ లేనివాడికీ, జీతం మిగిలేవాడికీ అది బంగారం. మీకు నష్టం. పాత ఇన్సూరెన్సే ఉంచుకోండి. పాత ఖాతాలో మీ ఇన్‌హేలర్లకి ఎంతవుతుందో అంతే రాయండి. జనవరి ఒకటినే మొత్తం వాడుకోవచ్చు, జీతంలోంచి తర్వాత కొంచెం కొంచెం కోస్తారు. ఒక్క డాలరు ఎక్కువ రాయకండి."

"ఇది మీ పైవాళ్ళకి తెలిస్తే?"

"తిడతారు. ఈ వారం నేను అలవాటు పడ్డాను."

మార్లిస్ పెన్ను తీసుకుంది. సంతకం పెట్టబోతుంటే అతను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇంకేమైనా రూలుందా?"

"ఒకటుంది. పెళ్ళాం ఈ పాత ఖాతా తీసుకుంటే, మొగుడు తన ఆరోగ్య ఖాతాలో ఇక పైసా వేసుకోకూడదు."

"నేనెవరి పెళ్ళాన్ని?"

"ఎవరి పెళ్ళామూ కాదు. రాత్రి ఊరికే చదివాను. చదివాక, నా ఖాతాలో ఇక వెయ్యకపోయినా ఫరవాలేదనిపించింది."

దాచుకోవడం తప్ప ఏమీ రానివాడు ఇంతకన్నా పెద్ద మాట చెప్పలేడని మార్లిస్‌కు అర్థమైంది. కాగితం మీద సంతకం గట్టిగా గీసి అతని చేతికిచ్చింది.

"ఆరింటికి నా డ్యూటీ అయిపోతుంది. ఆ నోటితో మీరు సూపు తప్ప ఏమీ తీసుకోలేరు గానీ, రండి."