రాక్షసుడి పిప్పిపన్ను

చెరకువాడ రాజ్యంలో ఏ బిడ్డ ఏడ్చినా నోట్లో బెల్లంముక్క పెట్టేవారు. చుట్టం వస్తే పానకం, వెళితే అరిసెలు. ఇంత తియ్యగా బతికేవాళ్ళకు కష్టాలేముంటాయి అనుకుంటున్నారు కదూ? ఉన్నాయి మరి. రాజ్యమంతా దవడలు పట్టుకుని మూలిగేది. అదంతా నల్లకొండ మీది గండశిలుడనే రాక్షసుడి శాపమని రాజుగారు నమ్మారు. కొండ మీంచి వాడి గర్జన వినిపించినప్పుడల్లా హడలిపోయి, వాణ్ణి శాంతపరచడానికి నెలనెలా పన్నెండు బానల అరిసెలు పంపేవారు.

బెల్లం వండే గంగులు కూతురు మంగతాయికి పన్నెండేళ్ళు. అమ్మానాన్నలు పొద్దస్తమానం పాకం పొయ్యి దగ్గరే ఉంటారు గనుక, ఐదేళ్ళ తమ్ముడు సూరిని సాకింది ఆ పిల్లే. ఇప్పుడు సూరి దవడ వాచిపోయింది. నాలుగు రోజులుగా గంజి కూడా మింగలేదు. ఇక లాభం లేదని మంగతాయి, విరిగిపడిన వాడి పన్నును ఓణీ కొంగున ముడివేసుకుని, శాపం తీయించుకు వస్తానని అడవిదారి పట్టింది.

వెదురు పొదల్లో నూరేళ్ళు దాటిన ముని ఒకరు వేయించిన సెనగలు పటపట నములుతున్నారు.

"తాతగారూ, నల్లకొండకి దారెటండీ?"

"ఈ గుప్పెడూ నమిలి తిను, చెబుతాను."

మొదటి గింజకే ఎడమ పన్ను జివ్వుమంది. పాపం, కళ్ళనీళ్ళు కారుతున్నా కుడివైపుకు తోసుకుని గుప్పెడూ పూర్తిచేసింది. ముని మనసు కరిగింది. దారి చూపించి ఒక ఆకు ఇచ్చారు. "దీన్ని ఏ పంటి మీద పెట్టినా అది తన గోడు చెప్పుకుంటుంది. వినే ధైర్యం ఉంటేనే పెట్టు" అన్నారు.

దారిలో ఏరు, ఏట్లో మొసలి.

"నా పంటి సందున ఎముక ఇరుక్కుంది. తీస్తే అవతల దించుతా" అంది మొసలి.

"తీశాక మింగేస్తేనో?"

"మింగేదాన్నయితే నీతో ఇన్ని మాటలెందుకు?"

మంగతాయి కళ్ళు మూసుకుని, భుజం దాకా చెయ్యి పెట్టి ఎముక లాగేసింది. మొసలి మాట తప్పలేదు.

కొండ గుహలో తాడిచెట్టంత గండశిలుడు రెండు చేతులతో దవడ పట్టుకుని భోరుమంటున్నాడు. ఊరు విన్న గర్జన ఇదన్నమాట.

"మా తమ్ముడికి పెట్టిన శాపం తీసెయ్యి" అంది మంగతాయి.

"నా పంటినొప్పికే దిక్కులేదు తల్లీ. ఇంకొకళ్ళని శపించే ఓపిక నాకెక్కడిది?"

ఆ పిల్ల నమ్మలేదు. వాడి పంటి మీద ఆకు పెట్టింది. పన్ను గొంతు విప్పింది.

"నెలకి పన్నెండు బానల అరిసెలు. ఒక్క పూటైనా వీడు నోరు పుక్కిలించిన పాపాన పోలేదు. ఆ పాకమే పులిసి నన్ను తొలిచేసింది. నొప్పికి వీడు అరుస్తాడు. అరిచేకొద్దీ అరిసెలొస్తాయి."

మంగతాయి కొంగుముడి విప్పి, సూరి పంటి మీద ఆకు పెట్టింది.

"అక్క నీళ్ళకెళ్తూ ఒక ముక్క పెట్టేది. అంట్లు తోముతూ ఒకటి. పడుకోబెడుతూ బుగ్గన ఒకటి. తెల్లార్లూ అందులోనే నానేదాన్ని" అందది.

మంగతాయి కూలబడిపోయింది. "శాపమూ లేదు, పాడూ లేదు. నా చేత్తో నేనే చేశాను" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు చూసి గండశిలుడు అలవాటుగా అరిసె అందివ్వబోయి, నాలుక కరుచుకుని వెనక్కి తీసుకున్నాడు.

"ముద్దుచేశావు, అంతే. ఎవరూ చెప్పకపోతే నీకెలా తెలుస్తుందమ్మా? నా పళ్ళు పోతే మళ్ళీ రావు. మీవాడివి పాలపళ్ళు, వాడికింకో వరస ఉంది. లే, ఇంటికెళ్దాం."

ఆ పిల్లను భుజాన ఎక్కించుకుని నాలుగంగల్లో కొండ దిగాడు. కొలువులో మంగతాయి రాజుగారి పంటి మీదే ఆకు పెట్టింది. దిండు కింద దాచుకుని తినే కోవాబిళ్ళల సంగతి కూడా అది దాచలేదు. తలవంచుకున్న రాజుగారు ఆ రోజే చాటింపు వేయించారు: తీపి పండగకే, తిన్నాక నోరు పుక్కిలించాలి, పొద్దున్నే వేపపుల్ల. వైద్యులు ఇల్లిల్లూ తిరిగి పిప్పిపళ్ళు తీశారు. గండశిలుడి పన్ను లాగడానికి మాత్రం రెండు ఏనుగులు కావాల్సి వచ్చింది.

మూడోనాటికి సూరికి వాపు తగ్గింది. అర్ధరాజ్యం ఇస్తానని రాజుగారు స్వయంగా గంగులు వాకిట్లోకి వచ్చారు. లోపల సూరి జొన్నసంకటి ముద్ద మింగి, "అక్కా, ఇంకో ముద్ద" అన్నాడు.

"కాస్త ఆగండి దొరగారూ, మావాడు తింటున్నాడు" అంది మంగతాయి, వాడి మీంచి చూపు తిప్పకుండా.

రాజుగారు అరుగు మీద కూర్చుని, ఆ ముద్ద అయ్యేదాకా ఆగారు.