మూడో సర్వర్ లేపిన ఆదివారం

నాకు దెయ్యాలంటే భయం లేదు. ఇప్పుడూ లేదు. కోపం మాత్రం ఉంది. ఆ ఆదివారం జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

నా పేరు సెలీనా. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు ఆరో అంతస్తులో కూర్చుని, చందానగర్‌లోని ఒక డయాలసిస్ సెంటర్ డేటాబేస్ చూసుకుంటాను. పేషెంట్ల జాబితా మూడు లినక్స్ సర్వర్లలో ఉంటుంది, మూడింట్లోనూ అదే జాబితా. ఒకటి పడిపోయినా మిగతా రెండూ పని నడిపిస్తాయి. మూడోది పడిపోయి నాలుగు నెలలైంది. సెంటరుకు సెలవు గనక దాన్ని లేపే పని ఆదివారం పెట్టుకున్నాను. చర్చి ఎగ్గొట్టానని అమ్మ తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

అన్ని రోజులు పడి ఉన్న సర్వర్‌ను లేపే ముందు, దాని కడుపులోని పాత డేటా అంతా తుడిచెయ్యాలి. ఈలోగా మనం తీసేసిన పేర్ల సంగతి దానికి తెలియదు కదా. "ఇవి మీ దగ్గర లేవేంటి, ఇదుగో తీసుకోండి" అని మిగతా రెండింటికీ పంచిపెడుతుంది. ఈ పాఠం నేనే పదిమందికి చెప్పాను. అయినా తుడవకుండానే ఆన్ చేశాను. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అదీ నా సంగతి.

మా ఆఫీసులో సర్వర్ గదికి కిటికీలు ఉండవు. బయట ఎండ మండిపోతున్నా లోపల చీకటే. ఏసీ చలి, ఫ్యాన్ల హోరు, వేడెక్కిన వైర్ల వాసన. పన్నెండున్నరకు జాబితాలో పదకొండు పేర్లు పెరిగాయి. పదకొండు మందీ ఈ నాలుగు నెలల్లో చనిపోయినవాళ్లే. ఏడో పేరు యోహాను. మా నాన్న.

అక్కడిదాకా నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ సెంటర్లో ప్రతి పేషెంట్‌నూ ముందు కాంటా ఎక్కించి బరువు చూస్తారు. ఆ అంకె నేరుగా డేటాబేస్‌లోకి వచ్చి పడుతుంది. నాన్న పేరు పక్కన ఆయన చివరి బరువు ఉంది. 52.4. నేను చూస్తుండగానే దాని కింద ఇంకోటి పడింది. 52.4. ఈరోజు తేదీ. పన్నెండు ముప్పై ఒకటి.

గదిలో డెట్టాల్ వాసన... నాన్న చొక్కాకు ఉండే వాసన.

సెంటర్ వాచ్‌మన్ సాయిలుకు ఫోన్ చేశాను.

"సాయిలన్నా, లోపల ఎవరున్నారు?"

"ఎవ్వరు లేరు మేడం. తాళం ఏసే ఉన్నది." గొంతు తగ్గించాడు. "గని... లోపల కాంటా మోగుతున్నది."

ఫోన్ పెట్టేశానో లేదో జయమ్మ ఫోన్. నాన్నా ఆమే రెండేళ్లు పక్కపక్క బెడ్ల మీద పడుకున్నవాళ్లు.

"ఏంది బిడ్డా, రేపు నాకు బెడ్ లేదని మెసేజ్ వచ్చె? రేపు తప్పితే నేను బతుకుతనా? ఇప్పటికే ఊపిరి ఆడుతలేదు."

బెడ్లు పాతవాళ్ల నుంచి మొదలుపెట్టి కంప్యూటరే పంచుతుంది. రేపటివన్నీ పోయినవాళ్లకే పంచేసింది. దాంతో నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ బెడ్ నీకే ఉంటది జయమ్మా, నేను చూసుకుంట."

మూడో సర్వర్ ఆపి, డిస్కు మొత్తం ఖాళీ చేశాను. తర్వాత మిగతా రెండింట్లోంచి ఒక్కో పేరే తీసేశాను. ఆరు పోయాయి. ఏడో దగ్గర చెయ్యి ఆగింది. నాన్న పేరు కింద అంకెలు పడుతూనే ఉన్నాయి. 52.4... 52.4... 52.4...

"నాన్నా," అన్నాను గట్టిగా. "బతికుండగా ఒక్కనాడైనా క్యూలో ముందుకు దూరావా? ఇప్పుడేంటిది? అది జయమ్మ బెడ్. దిగు."

ఏడుస్తూనే తుడిచేశాను. మిగతా నాలుగూ తుడిచేశాను.

సోమవారం పొద్దున ఏడింటికి చందానగర్ వెళ్లాను. జయమ్మ కాంటా ఎక్కింది. 48.6. దిగింది. అంకె సున్నాకు రాలేదు. 52.4.

జయమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మిషన్ ఖరాబైందా బిడ్డా?"

"దిగమన్నానా నాన్నా," అన్నాను మెల్లగా.

సున్నా. వెంటనే 61. సున్నా. 44.8... ఒకరి తర్వాత ఒకరు... వరుసలో. "పొండి. అందరూ పొండి," అంటూనే లెక్కపెట్టాను. పదకొండు. తర్వాత సున్నా. హమ్మయ్య అనుకున్నాను.

కాంటా మళ్లీ మోగింది.

48.6.

జయమ్మ నా పక్కనే ఉంది. నా చెయ్యి పట్టుకునే ఉంది.

ప్లగ్ పీకేశాను. అంకె పోలేదు.

"అదెవరిది బిడ్డా?"

"ఎవరిదైతే ఏంది? నీ బెడ్ నీదే, పోయి పండుకో," అని ఆ అంకె ఆమెకు కనబడకుండా కాంటాకు అడ్డంగా నిలబడ్డాను. నా వెనక అది మోగుతూనే ఉంది.