బటన్ మీద వేలు

"సూట్‌కేస్ పడవ ఎక్కదు," అంది ఆ అమ్మాయి.

హేమచంద్ర ఒకసారి సూట్‌కేస్‌ని, ఒకసారి ఆ అమ్మాయిని చూశాడు. ఎయిర్లీ బీచ్ జెట్టీ మీద చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. ఎండకు కమిలిన చేతులు, రంగు వెలిసిన టోపీ. ఆ టోపీ కింద నుంచి తెలుగు వస్తుందని అతను అనుకోలేదు.

"మీరు తెలుగువాళ్లా?"

"బ్యాగ్ ట్యాగ్ మీద కడప అని ఉంది, అందుకే తెలుగులో చెప్పా. నా పేరు తన్మయి, మీ స్కిప్పర్‌ని. బోట్‌లో సాఫ్ట్ బ్యాగ్స్ మాత్రమే పడతాయి. అండ్ షూస్ కూడా తీసేయండి, ప్లీజ్."

"నడిపేది మీరేనా?"

"ఎందుకు, మీకు వచ్చా?"

పక్కనున్న స్నేహితుడు ఫర్హాన్ నవ్వు ఆపుకోవడానికి సముద్రం వైపు తిరిగాడు. జెట్టీ మీదే సూట్‌కేస్ తెరవాల్సి వచ్చింది. చొక్కాల మధ్య నుంచి ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ బయటపడింది.

"బోట్‌లో దీన్ని ఎక్కడ ప్లగ్ చేద్దామని?" అంది తన్మయి.

"లగ్జరీ యాట్ అని రాసినారు కదండీ. ప్లగ్గు కూడా లేకుంటే అదేం లగ్జరీ?"

"గ్యాస్ ఉంది, గిన్నె ఉంది. గంజి వార్చడం వచ్చా?"

రాదు. ఇద్దరు ఇంజనీర్లకూ రాదు. కుక్కర్ ఒడ్డునే ఉండిపోయింది.

సిడ్నీలో, గిరావీన్‌లోని ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ ఒకే ప్రాజెక్ట్‌లో పని చేస్తున్నారు. ముందు వై2కె, దాని వెనకే జులైలో ఆస్ట్రేలియా కొత్తగా తెచ్చిన జీఎస్టీ పన్ను. రెండు గండాలూ గడిచాయని సంబరపడిన మేనేజర్, రెండు వేల సంవత్సరం ఆగస్టులో, కంపెనీ ఖర్చు మీద వీళ్లని విట్సండే దీవులకు పంపాడు.

హేమచంద్రకు మాత్రం సంబరం సగమే. ప్రాజెక్ట్ అయిపోయింది కనుక హైదరాబాద్‌కు తిరిగి వెళ్తాడో, బ్రిస్బేన్‌లో కొత్త ఉద్యోగం ఒప్పుకుంటాడో సోమవారం చెప్పాలి. వెళ్లిపోదామనే అనుకున్నాడు. ఈ దేశంలో అతను చూసిందల్లా రైలు, కంప్యూటర్ తెర, గిరావీన్ ఇంటి వంటగది. వాటి కోసం ఎవరుంటారు?

జెట్టీ దూరమయ్యాక తన్మయి ఇంజన్ ఆపి తెరచాప ఎత్తింది. గాలికి అది నిండగానే పడవ ఒక పక్కకు ఒరిగి, ఏ చప్పుడూ లేకుండా ముందుకు సాగింది. నీరు ఎంత తేటగా ఉందంటే కింద ఇసుక మీద పడవ నీడ కూడా కనిపిస్తోంది. పచ్చటి కొండ ఒకటి నీళ్లలోంచి లేచి నిలబడింది, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరొకటి. వాటిలో చాలావాటి మీద మనిషన్నవాడే ఉండడని తన్మయి చెప్పింది.

హేమచంద్ర నోరు తెరిచి చూస్తూనే ఉన్నాడు.

"ఏందిర భై, మాట పడిపోయిందా?" అన్నాడు ఫర్హాన్. వాడు అప్పటికే టేకు పలకల గదికి, మెత్తటి పరుపుకు, ఐస్‌లో పెట్టిన రొయ్యలకు అంకితమైపోయాడు.

మర్నాడు వైట్‌హేవెన్ తీరంలో దిగారు. బియ్యప్పిండిలా తెల్లటి ఇసుక. మధ్యాహ్నపు ఎండలో కూడా కాలికి చల్లగా తగిలింది. హేమచంద్ర గుప్పెడు తీసుకుని వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తన్మయి వచ్చి పక్కన కూర్చుంది.

"నేను చిన్నప్పట్నుంచీ వస్తున్నా. స్టిల్, ప్రతిసారీ ఇలాగే అవుతుంది నాకు," అంది.

వాళ్ల నాన్న ద్వారకానాథ్ ఎయిర్లీ బీచ్‌లో డాక్టరు. తన్మయికి మూడేళ్లప్పుడు వచ్చారట. తమదొక్కటే తెలుగు ఇల్లట. "తెలుగు మాట్లాడితే అమ్మతో, డాడీతో, లేదంటే గాలితో. మీతో మాట్లాడుతుంటే నా తెలుగు బెటర్ అవుతోంది, యూ నో."

ఆ సాయంత్రం చుక్కాని హేమచంద్ర చేతిలో పెట్టింది. "కళ్లతో కాదు. మెడ మీద గాలి ఎక్కడ తగులుతుందో చూడండి." అతని మెడకు గాలి తగల్లేదు. పక్కనే ఆమె ఉండటమే తగిలింది. సోమవారం ఏం చెప్పాలో అక్కడే మారిపోయింది. ఆమెతో ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు.

ఆ దీవుల్లో ఒక పద్ధతి ఉంది. పొద్దు వాలే ముందు ఒడ్డు నుంచి పడవల కంపెనీ ఆఫీసువాళ్లు రేడియోలో ఒక్కో పడవనూ పిలుస్తారు. లంగరు ఎక్కడ వేస్తున్నదీ పడవ వాళ్లు చెప్పాలి. మైకు బటన్ నొక్కితే మాట వెళ్తుంది, వదిలితే వస్తుంది. ఎవరేం చెప్పినా దీవులన్నింటికీ వినిపిస్తుంది.

చివరి సాయంత్రం ఆ పని తన్మయి అతనికి అప్పగించి, తాను తెరచాప దించడానికి ముందుకు వెళ్లింది. హేమచంద్ర కింది గది మెట్ల మీద నిలబడి, బటన్ నొక్కి, పడవ పేరు చెప్పాడు. అప్పుడే పక్కనున్న నీరు పైకి లేచింది.

తిమింగలం. నల్లటి వీపు, ఎంతకీ అయిపోని వీపు. దాని పక్కన పిల్ల. తల్లి ఊపిరి వదిలితే ఆ తుంపరలు వచ్చి అతని ముఖం తడిపాయి.

"కదలకండి," అంది తన్మయి మెల్లగా, పడవ ముక్కు దగ్గర నుంచి. "మనం దగ్గరికి వెళ్లకూడదు. వాళ్లే వస్తే రావాలి."

హేమచంద్ర కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒరేయ్ ఫర్హానూ, చూడ్రా," అన్నాడు గుసగుసగా, పక్కనున్న వాడికి మాత్రమే వినపడేలా. "ఇంత పెద్ద ప్రాణం ఇంత నిమ్మళంగా ఎట్లుంటాది రా? నేనింక పోలేను రా. తన్మయి ఉండమంటే బ్రిస్బేన్‌లో ఉండిపోతా. ఆ యమ్మాయంటే నాకు ప్రాణమైపోయింది. అడగాలంటేనే భయం. ఆమె సముద్రంలోనే పెరిగింది, నాకేమో ఈత కూడా రాదు."

ఫర్హాన్ తిమింగలాన్ని చూడటం లేదు. "హేమా, నీ చెయ్యి చూసుకో," అన్నాడు.

బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది. దాన్ని తీసేసరికి రేడియో నవ్వులతో గొల్లుమంది.

"ఏమన్నావో తెలీదు మేట్, బట్ ఇట్ సౌండెడ్ లవ్లీ," అంది ఒక పడవ. "ప్రేయరా?" అని ఇంకో పడవ. తన్మయి పేరొక్కటి అందరికీ అర్థమైంది.

తన్మయి తాడు వదిలేసి వచ్చింది. "ఏం చెప్పారు?"

హేమచంద్ర నోరు విప్పేలోగా రేడియోలో కొత్త గొంతు వినిపించింది. పెద్దాయన గొంతు, తెలుగు.

"అమ్మలూ, డాడీని. మీ బోట్‌లో అబ్బాయి చెప్పిందంతా నేనూ విన్నాను, మీ అమ్మా వింది. నువ్వొక్కదానివే వినలేదనుకుంటాను. అది న్యాయం కాదు. మళ్లీ చెప్పమను. ఈసారి బటన్ మీంచి వేలు తీసి చెప్పమను."

తన్మయి రేడియో వైపు తిరిగింది. "నేను ఫస్ట్ టైమ్ బోట్ తీసుకున్నప్పుడు డాడీ ఇంట్లో రేడియో పెట్టుకున్నారు," అంది. "రోజూ వింటారు. ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడలేదు."

హేమచంద్ర మైకు కింద పెట్టాడు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయని చూపించాడు.

"మీరంటే నాకు ఇష్టమండీ. ఉండమంటే ఉంటా."

"నేను ఉండమనను," అంది. అతని ముఖం వాడిపోయింది. "నా కోసం ఉండిపోయానని రేపు మీరు ఫీల్ అవకూడదు. మీకు ఉండాలని ఉందా?"

తల్లీపిల్లా మెల్లగా దూరమవుతున్నాయి. వాటి వెనక నీరంతా బంగారు రంగులో ఉంది. హేమచంద్ర వాటిని చూశాడు, ఆమెను చూశాడు.

"ఉండాది," అన్నాడు. "శానా ఉండాది."

"అయితే సోమవారం అదే చెప్పండి. వీకెండ్స్ ఫ్లైట్‌లో ఇక్కడికి రండి, స్విమ్మింగ్ నేను నేర్పిస్తా." ఆమె మైకు తీసుకుని బటన్ నొక్కింది.

"డాడీ, సండే లంచ్‌కి ఒకరు ఎక్కువని అమ్మకి చెప్పండి."

"ఇద్దరు," అన్నాడు ఫర్హాన్.

"సారీ. ఇద్దరు."

తరువాత రేడియోలో ఆడగొంతు ఒకటి, ఆ పెట్టెతో ఎలా మాట్లాడాలో తెలియక కాస్త గట్టిగా వినిపించింది.

"తన్మయీ, అమ్మని. ఆ అబ్బాయి చేపలు తింటాడా?"