మాట తప్పని గది

మా వీధి చివరి గదికి మంచి పేరు లేదు. ఎత్తయిన కప్పు, కిటికీ లేని గోడలు... అద్దెకు దిగినవాళ్ళెవరూ సామాను విప్పిన పాపాన పోలేదు. లోపల ఏదో మారుపలుకుతుందట!

“మారుమోత అంటే మోతే మళ్ళీ రావడం, అంతే,” అనేవాడు మా నాన్న.

“మారు అంటే బదులు కూడా కదా బావా... బదులు చెప్తుందేమో!” అనేది పిన్ని. అమ్మకు చెల్లెలు, మా ఇంట్లోనే ఉంటుంది. ఎవరికీ బదులు చెప్పకపోతే ఆవిడకు తిన్నది అరగదు.

ఆ గదిలోనే కుట్టుమిషను వేసి, సొంత కొట్టు పెట్టాలని పిన్ని పంతం. నాన్న ససేమిరా అన్నాడు. చివరికి పందెం వేశాడు.

“చీకటి పడ్డాక ఒక్కదానివే లోపల కూర్చో. నేనొచ్చి తలుపు తట్టకముందే బయటికొచ్చావో — కొట్టు మాటెత్తకూడదు. మారుమాట లేదు!”

తర్వాతిది పిన్ని అమ్మకు చెబితే, అమ్మ నాకు చెప్పింది. దారిలో కాస్త ఉప్పూకారం పడే ఉంటుంది, సర్దుకోండి.

పిన్ని తలుపేసుకుంది. కొవ్వొత్తి వెలిగించింది. అది... ఆరిపోయింది.

“ఎవరది?”

“...రది?”

గొంతు తనదే. కానీ — కాస్త ముదురు.

పిన్నికి ఒళ్ళు మండింది. “ఈ కొట్టు నాదే!”

“...నాదే!”

“కాదు, నాదే!”

“...నాదే!”

చెయ్యి తనంతట తనే గడియ మీదికి పోయింది. తీస్తే అవతల బావ నవ్వు... తీయకపోతే ఇది.

అప్పుడు ఒక ఉపాయం తట్టింది. చెయ్యి వెనక్కి తీసుకుని, గుసగుసగా అంది —

“సరేలే. నీదే.”

“...నీదే.”

“మాట తప్పను.”

“...తప్పను.”

నాన్న వచ్చి తలుపు తట్టేసరికి లోపల గుర్రు వినిపిస్తోంది!

కొట్టు వెలిసింది. గోడల పొడవునా గుడ్డల తానులు పేర్చగానే మోత ఆగిపోయింది. “చూశారా? ఖాళీ గది కాబట్టి మోగింది. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు,” అని నాన్న వీధంతా చాటాడు.

మొన్న సాయంత్రం పిన్ని ఇంటికి రావడం ఆలస్యమైంది. నాన్న చిందులు తొక్కుతూ కొట్టుకెళ్ళాడు. తమాషా చూద్దామని వెనకే నేను.

“ఇక చాలు! రేపట్నుంచి కొట్టు మూసెయ్. మారుమాట వద్దు!”

“మూయను!”

పిన్ని గొంతే. నాన్న గుడ్లురిమి చూశాడు.

మిషను దగ్గర వంగి ఉన్న పిన్ని నెమ్మదిగా తలెత్తింది. బిగబట్టిన పెదాల మధ్య... వరసగా గుండుసూదులు.