మొదటి రన్‌కి ఎవరు కూర్చుంటారు?

"రోడ్లన్నీ శత్రువుల చేతిలో ఉన్నాయి. డాక్టరమ్మను సరిహద్దు దాటించాలంటే వర్క్‌షాప్‌లో రిపేరవుతున్న ఆ చిన్న విమానమే దిక్కు," ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "దాన్ని కూల్చే ప్లాన్ ఉందని కబురు. కానీ ఊరికే అనుమానంతో ఆపావో, ఆమె మనకు దక్కదు."

గూఢచార డిపార్ట్‌మెంట్‌లో ఆ మాట వింటున్న ఏజెంట్‌ని బేరగాడు అంటారు. సరుకు కన్నా ముందు అమ్మేవాళ్ళ మొహం చూడడం అతని అలవాటు. పాత ప్రొపెల్లర్లు కొనే వ్యాపారి వేషంలో వర్క్‌షాప్‌లోకి నడిచాడు.

విమానం ప్రొపెల్లర్‌లో సొట్టపడిన బ్లేడును మేస్త్రీ సాపు చేసి, బ్యాలెన్స్ చూసి బిగించేశాడు. పరీక్షించి ఓకే అన్నది డిపార్ట్‌మెంట్ మనిషే. ఇన్‌స్పెక్టర్ వేషంలో నిన్ననే తన నీలం విమానంలో దిగింది. ఎర్ర స్కార్ఫు, చూపు తిప్పుకోనివ్వని అందం. కోడ్ పేరు నెమలి.

"సరుకెలా ఉంది?" ఆమెను అడిగాడు బేరగాడు.

"గాలిని కోసేస్తుంది." కోడ్ సరిపోయింది.

అతను ఇరుసుకి బిగించే చోట, బ్లేడు మొదట్లో వేలు పెట్టాడు. పెయింటు అంటుకుంది.

"తడిగా ఉందేం మేస్త్రీ?"

"నేను కొసలకే వేశానన్నా! మొదలు ముట్టుకోలేదు."

"మరక కనిపిస్తే నేనే వేశా," నవ్వింది నెమలి.

గీకి చూసే వ్యవధి లేదు. గేటు అవతల శత్రువుల జీపుల దుమ్ము లేస్తోంది.

"మేస్త్రీ, రిపేరయ్యాక ఇంజన్ పరీక్షించే మొదటి రన్‌కి ఎవరు కూర్చుంటారు?"

"ఓకే చెప్పినవాళ్ళే. మా షాపులో అదే పద్ధతి. మేడమ్‌కి కొత్త కదా, తెలీదు."

నెమలి నవ్వు ఆగింది. "నాకు తలనొప్పిగా ఉంది."

"ఎక్కమ్మా, నువ్వు బాగుందన్నదాన్ని నువ్వే నమ్మకపోతే ఎట్లా?" బ్యాగు చంకన పెట్టుకుని దూరంగా నిలబడ్డ డాక్టరమ్మ విసుక్కుంది.

ఇక తప్పక ఎక్కింది. బేరగాడు పక్కనే కూర్చున్నాడు. అతని వాచీ పట్టీ బేడీగా మారి ఆమె మణికట్టును సీటుకు బిగించేసింది. ఇంజన్ స్టార్ట్. చక్రాలకు దిమ్మలు వేసి ఉన్నాయి. థ్రాటిల్ ముందుకు నెట్టాడు. విమానం వణికింది.

"చాలు, తగ్గించు."

ఇంకా నెట్టాడు. బ్లేడు ఊడితే ఇద్దరూ పోతారు.

"ఆపు! బ్లేడుని మొదట్లో కోశాను! ఊడి వస్తుంది, ఆపు!"

థ్రాటిల్ చివరి అంగుళంలో ఇంజన్ ఆపేశాడు.

నెమలిని సీటుకే వదిలేసి, మేస్త్రీనీ డాక్టరమ్మనూ షెడ్డు వెనక నీలం విమానం ఎక్కించాడు. జీపులు గేటు గుద్దుకుని లోపలికి వస్తుండగా చక్రాలు నేల విడిచాయి.

"మరి దీని ప్రొపెల్లర్ పరీక్షించొద్దూ?" గాభరాగా అడిగింది డాక్టరమ్మ.

"అక్కర్లేదమ్మా. ఇది ఆవిడ పారిపోవడానికి ఉంచుకున్న సరుకు."